పరుగులో ఆఖరున వచ్చినవారు

కొత్త టైమ్ టేబుల్ చేతికి రాగానే మీరందరూ మొదట వెతికేది గేమ్స్ పీరియడ్ ఏ రోజున పడిందా అని. ఆ పీరియడ్ మీకు ఆట. కొందరు పెద్దలకు అది ఖాళీ సమయం. సిలబస్ పూర్తికాని నెలలో లెక్కల మాస్టారో సైన్స్ మేడమో అడిగి తీసుకునేదీ ఆ పీరియడే. మేము తెలుగు చెప్పేవాళ్ళం. పీఈటీ సారు సెలవు పెట్టిన రోజున గ్రౌండ్ డ్యూటీ మాకు పడుతుంది. బదిలీల మీద ఊరూరూ తిరుగుతూ అలా ఎన్నో మైదానాల అంచున విజిల్ పట్టుకుని నిలబడ్డాం. ఆ నిలబడటంలో మాకు అర్థమైన ఒక సంగతి మీకు చెప్పాలని ఈ వ్యాసం.

పరుగు పందెంలో మొదట వచ్చిన పిల్లవాడి పేరు మర్నాడు అసెంబ్లీలో అందరికీ వినిపిస్తుంది. ఆఖరున వచ్చిన పిల్లవాడు ఎందుకు ఆఖరున వచ్చాడు? ఈ ప్రశ్న అడిగి జవాబు వెతికితే వ్యాయామ విద్య ఆరోగ్య విద్య అవుతుంది. అడగకపోతే అది వట్టి పందెంగా మిగిలిపోతుంది.

మద్దేడ్ ఎక్కడుంది?

ఈ ప్రశ్న బాగా అర్థం కావాలంటే బస్తర్ ప్రాంతంలోని మద్దేడ్ దాకా రావాలి. ఛత్తీస్‌గఢ్‌లో బీజాపూర్ జిల్లా 2007లో దంతేవాడ జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్ళే రోడ్డు మీద, అడవి మధ్యలో ఉన్న ఊరు మద్దేడ్. భోపాలపట్నం దాటి ఇంకొంచెం పోతే భద్రకాళి దగ్గర ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలుస్తుంది. నదికి అవతల ఒక పక్క మహారాష్ట్ర, ఒక పక్క తెలంగాణ.

అందుకే ఈ దారిలో తెలుగు కొత్త భాష కాదు. ఇక్కడి దోర్లాల దోర్లీలో తెలుగు మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. గోండీ, హల్బీ, హిందీ కూడా వినిపిస్తాయి. ఇటువైపు పోస్టింగ్ మీద వచ్చే కుటుంబాల పిల్లలు ఇంకో నాలుగు రాష్ట్రాల భాషలు మోసుకొస్తారు. ఇన్ని భాషల పిల్లలు పాఠం చదివేటప్పుడు వేరువేరుగా చదువుతారు. మైదానంలోకి దిగాక మాత్రం అందరి గుండె ఒకే భాషలో కొట్టుకుంటుంది. ఆ భాష చదవడం నేర్పేదే వ్యాయామ విద్య.

600 మీటర్లు చెప్పే కథ

మన బడుల్లో ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలు మీరు రాసే ఉంటారు. రాసే ఉంటారు అన్నాం గానీ ఇవి పెన్నుతో రాసేవి కావు. 5 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు ఎత్తు, బరువు కొలుస్తారు. ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలరో, చేత్తో పలకలను ఎంత చురుగ్గా తట్టగలరో చూస్తారు. 9 ఏళ్ళు దాటినవారికి ఎత్తు, బరువుతో పాటు 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని ముందుకు వంగడం, పడుకుని సగం పైకి లేవడం, పుష్ అప్స్ ఉంటాయి.

వీటిలో 50 మీటర్ల పరుగు వేగాన్ని చూపిస్తుంది. 600 మీటర్లు వేరే సంగతి చూపిస్తాయి. అంత దూరం ఆగకుండా పోవాలంటే గాలిలోని ఆక్సిజన్ ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి కాళ్ళ కండరాలకు క్షణక్షణం చేరుతూ ఉండాలి. పెద్దవారి గుండె ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 5 లీటర్ల దాకా రక్తం పంపుతుంది. గట్టిగా పరుగెత్తితే దానికి నాలుగు రెట్లు పంపగలదు. ఆ రక్తంలో ఆక్సిజన్‌ను మోసే సరుకు బండి పేరు హీమోగ్లోబిన్. ఎర్ర రక్తకణాల లోపల ఉంటుంది. దాని తయారీకి ఇనుము కావాలి.

ఇప్పుడు ఆలోచించండి. గుండె ఎంత జోరుగా కొట్టుకున్నా బండ్లే తక్కువైతే సరుకు చేరదు. మొదటి 200 మీటర్లలో అందరితో కలిసి పరుగెత్తిన అమ్మాయి, మూడో వందలో వెనకబడుతుంది. నాలుగో వందలో నడుము మీద చేతులు వేసుకుని నడుస్తుంది. గట్టు మీద కూర్చున్నవారు నవ్వుతారు. "బద్ధకం" అని ఒకరు, "బాగా తినదు" అని ఇంకొకరు. బద్ధకం అనే మాట చాలా జబ్బులకు ముసుగు. ఆ ముసుగు తీసి చూడాలి.

ఈ నేల మీద మూడు కారణాలు

మొదటిది రక్తహీనత. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో ప్రతి 100 మందిలో 59 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు అబ్బాయిల్లో 31 మందికి ఉంది. అంటే ఇది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చే అరుదైన జబ్బు కాదు. మీ క్లాసులో బెంచీ బెంచీకీ ఎవరో ఒకరికి ఉండవచ్చు. డెసీలీటరు రక్తంలో హీమోగ్లోబిన్ 5 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు 11.5 గ్రాములు, 12 నుంచి 14 ఏళ్ళవారికి 12 గ్రాములు ఉండాలి. 15 దాటిన అమ్మాయిలకు 12, అబ్బాయిలకు 13 ఉండాలి. అంతకు తగ్గితే రక్తహీనత అంటారు. త్వరగా అలసట, ఆయాసం, తలనొప్పి, కింది కనురెప్ప లోపల పాలిపోవడం, పాఠం మీద మనసు నిలవకపోవడం దాని గుర్తులు. పచ్చి బియ్యం, మట్టి, బలపం తినాలనిపించడం కూడా ఒక గుర్తే. అలాంటి పిల్లల్ని తిడితే లాభం లేదు, రక్తపరీక్ష చేయించాలి.

రెండోది మలేరియా. ఈ జబ్బుకూ తెలుగు నేలకూ ఒక సంబంధం ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు సికింద్రాబాద్‌లో, రోగి రక్తం తాగిన అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ పరిశోధనకే 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అందుకే ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. మలేరియా క్రిమి ఎర్ర రక్తకణాల్లోకి దూరి, అక్కడే పెరిగి, వాటిని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఒక్కో విడతా కొన్ని రక్తకణాలు పోతాయి. అడవి ప్రాంతాల్లో మళ్ళీ మళ్ళీ క్రిమి సోకినవారిలో జ్వరం పైకి తెలియకుండానే క్రిమి ఒంట్లో ఉండిపోవచ్చు. జ్వరం లేదు కాబట్టి మందు లేదు. మందు లేదు కాబట్టి రక్తం తగ్గుతూ పోతుంది. 2020 జనవరిలో మొదలైన 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్తపరీక్ష చేసింది ఇందుకే. పైకి ఆరోగ్యంగా తిరుగుతున్న చాలామందిలో మలేరియా అలా బయటపడింది. అటువంటి పిల్లవాడు 600 మీటర్ల పరుగులో ఆఖరున వస్తే తప్పు అతని కాళ్ళది కాదు.

మూడోది సికిల్ సెల్. మామూలు ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. సన్నటి నాళంలో కూడా వంగి జారిపోతుంది. సికిల్ సెల్ జబ్బు ఉన్నవారిలో అది కొడవలిలా వంకర తిరిగి గట్టిపడుతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని విపరీతమైన నొప్పి తెస్తుంది. మామూలు కణం 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం 10 నుంచి 20 రోజుల్లోనే పోతుంది. ఇది అంటుకునే జబ్బు కాదు, తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చేది. మధ్య భారతంలోని ఆదివాసీ ప్రాంతాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్య కాకుండా చేయడం దాని లక్ష్యాలు.

సికిల్ సెల్ గురించి మైదానంలో తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. నీళ్ళు తగ్గినా, ఒళ్ళు బాగా వేడెక్కినా, చన్నీళ్ళలో ఎక్కువసేపు ఉన్నా, శక్తికి మించి ఒక్కసారిగా శ్రమపడినా ఈ పిల్లలకు నొప్పి మొదలు కావచ్చు. జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పిన మేరకు ఆడాలి, మధ్యమధ్య ఆగాలి, నీళ్ళు తాగుతూ ఉండాలి. ఒక్క జన్యువు మాత్రమే ఉన్న 'వాహకులు' మామూలుగా ఆడుకోవచ్చు. వారికి కూడా నెమ్మదిగా మొదలుపెట్టడం, నీళ్ళు, విశ్రాంతి తప్పనిసరి. "నొప్పిగా ఉంది సార్" అని ఏ పిల్లవాడైనా అంటే "ఇంకో రౌండ్ కొట్టు, అదే పోతుంది" అనకూడదు.

ఈ మూడే కాదు. ఉబ్బసం ఉన్న పిల్లలకు పరుగెత్తాక ఛాతీ బిగుస్తుంది, పిల్లికూతలు వస్తాయి. కొందరు పొద్దున ఏమీ తినకుండా బడికి వస్తారు. కొందరి షూ రెండు సైజులు చిన్నది, కొత్తది కొనమని ఇంట్లో అడగడానికి మొహమాటం. కొందరు నిన్ననే కొత్త క్వార్టర్‌లో దిగి రాత్రంతా నిద్రపోలేదు. పరుగు వీటన్నిటినీ ఐదు నిమిషాల్లో బయటపెడుతుంది. క్లాసులో నెలల తరబడి కనపడనిది మైదానంలో కనపడుతుంది. పీఈటీ సారు చేతిలోని విజిల్‌కు డాక్టరు స్టెతస్కోప్‌కు ఉన్నంత విలువ ఉందని మేము అనడం ఇందుకే. జబ్బు ఏమిటో తేల్చేది మాత్రం డాక్టరే. మైదానం అనుమానం చెబుతుంది, ఆసుపత్రి నిర్ధారణ చేస్తుంది.

మీ నాడి మీరే చూడండి

ఇప్పుడు మీరే చేసుకోగల ఒక ప్రయోగం. చూపుడు వేలు, మధ్య వేలు కలిపి రెండో చేతి మణికట్టు మీద, బొటనవేలి కింది వైపున మెల్లగా ఆనించండి. బొటనవేలితో చూడకూడదు. దానికి సొంత నాడి ఉంటుంది, లెక్క కలగాపులగం అవుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 10 ఏళ్ళు దాటినవారికి కదలకుండా కూర్చున్నప్పుడు ఇది సాధారణంగా 60 నుంచి 100 మధ్య ఉంటుంది. చిన్నపిల్లలకు ఇంకొంచెం ఎక్కువ.

తర్వాత మైదానం చుట్టూ మీ ఓపిక కొద్దీ పరుగెత్తండి. ఆగగానే ఒకసారి, నిమిషం తర్వాత ఒకసారి, ఐదు నిమిషాల తర్వాత ఒకసారి చూడండి. నాలుగు అంకెలూ నోట్‌బుక్‌లో రాసుకోండి. వారానికి రెండు రోజుల చొప్పున రెండు నెలలు ఇలా రాయండి. రోజూ ఆడేవారి నాడి పరుగు తర్వాత త్వరగా కిందికి దిగడం మీకే కనపడుతుంది. ఇక్కడ పోటీ పక్కవాడితో కాదు, మీ పాత అంకెతో. ఆఖరున వచ్చిన పిల్లవాడు కూడా ఈ పోటీలో నెగ్గవచ్చు.

నాడి చూసే తీరిక లేకపోతే ఇంకో తేలిక పద్ధతి ఉంది. ఆడుతూ మాట్లాడగలుగుతున్నారు గానీ పాట పాడలేకపోతున్నారంటే శ్రమ మధ్యస్థంగా ఉంది. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే శ్రమ తీవ్రంగా ఉంది. మొదటి పది నిమిషాలు నడక, నెమ్మది పరుగు, కీళ్ళు తిప్పడం చేసి ఒళ్ళు వేడెక్కాకే తీవ్రమైన ఆటకు పోవాలి. ఆపేటప్పుడు కూడా టక్కున కూలబడకుండా నాలుగు అడుగులు నడవాలి.

బస్తర్ వేసవి సంగతి ఇక్కడ ఉన్నవారికి చెప్పనక్కరలేదు. దాహం వేసేదాకా ఆగకుండా ఆటకు ముందు, మధ్యలో, తర్వాత నీళ్ళు తాగండి. ఎవరైనా తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతూ వాంతి చేసుకున్నా అది మామూలు అలసట కాదు, వడదెబ్బ. నీడలోకి చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ, వెంటనే పెద్దవారిని పిలిచి ఆసుపత్రికి పంపాలి. ఇక సాయంత్రం ఆట చీకటి పడకముందే ముగించడం మంచిది. మలేరియా దోమ కుట్టేది మునిమాపు నుంచి తెల్లవారేదాకా. చీకటి పడ్డాక బయట ఉండాల్సి వస్తే నిండు చేతుల చొక్కా, పడుకునేటప్పుడు దోమతెర.

బాధను చెప్పే మాటలు

బదిలీ మీద వచ్చిన పిల్లలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఒంట్లో బాధ ఇంటి భాషలో పుడుతుంది, బడిలో ఇంకో భాషలో చెప్పాలి. "ఆయాసంగా ఉంది" అనే మాట హిందీలో తెలియక ఊరుకున్న పిల్లలుంటారు. తెలుగు తెలియక, తెలుగు బడిలో ఊరుకున్న హిందీ పిల్లలూ ఉంటారు. భాష చెప్పేవాళ్ళం కాబట్టి ఈ ఆరు మాటలు మేము మీకు నేర్పి తీరాలి.

ఆయాసం వస్తోంది: సాఁస్ ఫూల్ రహీ హై.
కళ్ళు తిరుగుతున్నాయి: చక్కర్ ఆ రహా హై.
నీరసంగా ఉంది: కమ్‌జోరీ లగ్ రహీ హై.
వాంతి వచ్చేలా ఉంది: ఉల్టీ జైసా లగ్ రహా హై.
చలితో జ్వరం వస్తోంది: ఠండ్ లగ్‌కర్ బుఖార్ ఆ రహా హై.
కీళ్ళు నొప్పిగా ఉన్నాయి: జోడోఁ మేఁ దర్ద్ హై.

ఏ కొత్త రాష్ట్రానికి వెళ్ళినా మొదటి వారంలోనే ఈ ఆరు మాటలు అక్కడి భాషలో నేర్చుకోండి. పక్కన కూర్చున్న స్నేహితుడికి మీ భాషలోవి నేర్పండి. మీ తరఫున చెప్పేవాడు ఒకడుంటే అది కూడా ఒక రక్షణే. అమ్మాయిలు నెలసరి రోజుల్లో ఆడాలనిపిస్తే ఆడవచ్చు, కడుపునొప్పిగా ఉంటే కూర్చోవచ్చు. మేడమ్‌తో ఆ ఒక్క మాట చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు.

పళ్ళెంలో ఇనుము

రక్తానికి కావలసిన ఇనుము ఎక్కడుంది? మునగాకులో, తోటకూరలో, పప్పుల్లో, నువ్వుల్లో ఉంది. తినేవారికి గుడ్డు, మాంసం, చేపల్లో ఉంది. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే పుల్లటి తోడు కావాలి. నిమ్మకాయ, ఉసిరికాయ, జామపండు ఆ పని చేస్తాయి. పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, ఉసిరికాయ పచ్చడి వేసుకోవడం మన అమ్మమ్మలు రుచి కోసం చేశారనుకుంటాం. ఇనుము సంగతి చూస్తే అది లెక్క ప్రకారం కూడా సరైనదే. అన్నం తినగానే టీ తాగితే మాత్రం ఆ ఇనుములో చాలాభాగం ఒంటికి పట్టదు. టీకి గంటైనా ఆగాలి.

బస్తర్‌లో రాగులను మండియా అంటారు. దానితో కాచే పలుచని జావ మండియా పేజ్. ఇది మన రాగి అంబలికి తోబుట్టువు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఎండలో దాహం తీరుస్తుంది, ఎముకకు బలమిస్తుంది. ప్యాకెట్ డ్రింకు కొనేముందు ఈ రెండు ఊళ్ళ అంబలినీ ఒకసారి గుర్తు చేసుకోండి.

బడుల్లో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్రలు చిన్నపిల్లలకు గులాబీ రంగులో, 10 నుంచి 19 ఏళ్ళవారికి నీలం రంగులో ఉంటాయి. అన్నం తిన్న తర్వాత వేసుకోవాలి. కడుపులో పురుగులు కూడా రక్తాన్ని హరిస్తాయి. జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చేది అందుకే. ఆ రోజు బడి మానకండి. బయటికి వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకోండి, ఆడి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి. సికిల్ సెల్ వంటి రక్తపు జబ్బు ఉన్నవారు ఐరన్ మాత్ర సంగతి ముందుగా డాక్టరుతో మాట్లాడాలి.

పేరు మారినా ఆట మారదు

ఊరు మారిన పిల్లలకు మైదానంలో ఇంకో బాధ ఉంటుంది. రెండు జట్లకు మనుషుల్ని ఏరుకునేటప్పుడు కొత్త పిల్లవాడు ఆఖరున మిగులుతాడు. పరుగులో ఆఖరున రావడం కంటె ఇది ఎక్కువ గుచ్చుకుంటుంది. మనసు బాగాలేనివాడు ఆడడు, ఆడనివాడి ఒళ్ళు నీరసిస్తుంది, అది కూడా ఆరోగ్యం సంగతే.

దీనికి మందు మీ దగ్గరే ఉంది. మీరు చెడుగుడు అనేది ఇక్కడ కబడ్డీ. మీ ఏడు పెంకులాట ఇక్కడ పిట్ఠూల్. మీ బిళ్ళంగోడు గిల్లీ డండా. మీ తొక్కుడుబిళ్ళ బిల్లస్. మీ బొంగరం భౌంరా. 2022లో మొదలైన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్‌లో ఇవన్నీ పోటీ ఆటలుగా పెట్టారు. వీటితో పాటు గేడీ పరుగు కూడా ఉండేది. గేడీ అంటే వెదురు కర్రలకు అడుగు మెట్టు కట్టి, దాని మీద ఎక్కి నడవడం. మన పంచాంగం ప్రకారం ఆషాఢ అమావాస్య నాడు వచ్చే హరేలీ పండుగకు ఛత్తీస్‌గఢ్ పిల్లలు గేడీలు ఎక్కుతారు. అది మీకు రాదు, వాళ్ళకు వచ్చు. మీకొచ్చిన ఆట మీరు నేర్పండి, వాళ్ళకొచ్చినది అడిగి నేర్చుకోండి. నేర్పేవాడు జట్టులో ఆఖరున మిగలడు.

ఈ ఆటలు ఒంటికి చేసే మేలు కూడా చూడండి. కబడ్డీలో కూత ఆపకుండా 30 సెకన్ల లోపు వెళ్ళి తిరిగి రావాలి. ఊపిరిని పొదుపుగా వాడటం అందులో పాఠం. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి గెంతులు తూకాన్ని నేర్పుతాయి, నేలకు తగిలే ఆ దెబ్బే ఎదిగే ఎముకను గట్టిపరుస్తుంది. ఫిట్‌నెస్ పరీక్షలో ఒంటికాలి మీద నిలబెట్టి చూసేదీ, గేడీ నేర్పేదీ ఒకటే విద్య. ఏడు పెంకులాటలో పరుగు, గురి, వంగడం మూడూ ఉన్నాయి. వీటికి ఫీజు లేదు, యూనిఫాం లేదు. ఏ క్వార్టర్స్ వెనకైనా ఆడుకోవచ్చు.

రోజుకు గంట

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలేలా ఆడాలని, వారంలో కనీసం మూడు రోజులు గట్టి శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ళవారిలో ప్రతి 100 మందిలో 81 మంది అంత మాత్రం కూడా కదలడం లేదు. మన దేశంలో సీబీఎస్ఈ 2018లో 9 నుంచి 12 తరగతులకు ఆరోగ్య, వ్యాయామ విద్యను ప్రధాన చదువులో భాగం చేసింది. 2023 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ సబ్జెక్టుకు 'వ్యాయామ విద్య, శ్రేయస్సు' అని పేరు పెట్టింది. శ్రేయస్సు అనే మాట అందులో చేరడం మాకు సంతోషం. కాబట్టి గేమ్స్ పీరియడ్ ఎవరైనా అడిగి తీసుకుంటుంటే, మర్యాదగానే, "మేడమ్, అది కూడా సబ్జెక్టే కదా" అని మీరు అనవచ్చు.

ఆట ఎంత ముఖ్యమో నిద్ర కూడా అంతే. 12 ఏళ్ళ లోపువారికి రోజుకు 9 నుంచి 12 గంటలు, ఆ పైవారికి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. కొత్త ఊళ్ళో మొదటి నెల పడుకునే వేళ మారకుండా చూసుకుంటే ఒళ్ళు త్వరగా కుదురుకుంటుంది.

టీసీతో పాటు ఇంకో కాగితం

బదిలీ ఆర్డరు రాగానే ఇంట్లో సామాను కట్టడం మొదలవుతుంది. నాన్నగారు టీసీ కోసం బడికి వస్తారు, మార్కుల కార్డులు ఫైల్‌లో పెడతారు. పీఈటీ సారు మీ గురించి తెలుసుకున్నది మాత్రం ఆ బడిలోనే ఉండిపోతుంది. కొత్త బడిలో కొత్త సారు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. ఈలోగా ఉబ్బసం ఉన్న పిల్లవాడిని ఎవరో పది రౌండ్లు కొట్టమనవచ్చు.

అందుకే ఒక పని చేయండి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. మొదటి పేజీలో మీ రక్తం గ్రూపు, హీమోగ్లోబిన్ ఎంత, ఏ తేదీన చూశారు, సికిల్ సెల్ పరీక్ష అయిందా, మలేరియా ఎప్పుడైనా వచ్చిందా, ఉబ్బసం, అలర్జీ ఉన్నాయా, ఏ మందు పడదు, ఇవి అమ్మానాన్నలతో రాయించండి. రెండో పేజీ నుంచి ఏడాదికి రెండుసార్లు మీ ఎత్తు, బరువు, 600 మీటర్ల సమయం, మీ నాడి అంకెలు రాసుకోండి. బడికి ఆరోగ్య బృందం వచ్చి పరీక్ష చేసినప్పుడు వారు చెప్పింది కూడా అందులోనే రాయండి. కొత్త బడిలో చేరిన మొదటి గేమ్స్ పీరియడ్‌లో ఆ పుస్తకం పీఈటీ సారుకో మేడమ్‌కో చూపించండి. మిగతా ఎవరికీ చూపనక్కరలేదు, అది మీ సొంత సంగతి.

ఇక మీరు గట్టు మీద కూర్చుని పందెం చూస్తున్నప్పుడు, ఆఖరున నడిచి వస్తున్న పిల్లవాడికి చప్పట్లు కొట్టండి. తర్వాత దగ్గరికి వెళ్ళి నీళ్ళ సీసా ఇచ్చి, "రోజూ ఇలాగే అవుతుందా?" అని అడగండి. అవునంటే సారుకు చెప్పండి. ఒక్కోసారి ఒక మనిషి జబ్బు సమయానికి బయటపడటానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.